మూసీ అడుగున ఏముంది?



మా ఇల్లు పాతబస్తీలో, మొఘల్‌పురాలో. కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పని బియ్యం గాలించడం. ఆ రోజుల్లో రేషన్ బియ్యంలో మట్టిబెడ్డలు, తెల్లరాళ్లు దండిగా ఉండేవి. గిన్నెలో బియ్యం పోసి, నిండా నీళ్లు పోసి, చేత్తో కదుపుతూ ఇంకో గిన్నెలోకి వంచాలి. పొట్టు ముందే తేలిపోతుంది. ఆ వెనక బియ్యం నీళ్లతో పాటు జారిపోతాయి. రాళ్లు అడుగున మిగులుతాయి. నేను తొందరపడితే రాళ్లు కూడా జారిపోయేవి. భయపడి నెమ్మదిస్తే బియ్యమే కదిలేవి కావు. "ఒక్క తీరుగ ఊపితే కాదు బిడ్డా, లోపల ఏమున్నదో చూసుకుంట చెయ్యి ఆడించాలె" అనేది అత్తమ్మ.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. నదుల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఆ గిన్నే గుర్తుకొచ్చేది. ఎందుకంటే నది చేసేదీ అదే పని. కొండ నుంచి దిగిన రాళ్లను, మొరాన్ని, ఇసుకను, ఒండ్రును నీళ్లు గాలిస్తూ పోతాయి. బరువైనవి ముందు ఆగుతాయి, తేలికైనవి ముందుకు సాగుతాయి. నది అడుగున ఎక్కడ గులకరాళ్లు, ఎక్కడ ఇసుక, ఎక్కడ బురద ఉండాలో ఆ గాలింపే నిర్ణయిస్తుంది. అక్కడ ఎవరు బతకాలో కూడా అదే నిర్ణయిస్తుంది.

మా ఇంటి నుంచి చార్మినార్, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే అరగంటలో నయాపూల్. వంతెన మీద ఆగి కిందికి చూసేవాళ్లు చూసేది నీళ్లనే. నల్లగా ఉన్నాయంటారు, కంపు కొడుతున్నాయంటారు, ముక్కు మూసుకుని ముందుకు పోతారు. మూసీని బాగు చేయాలన్న మాట వచ్చినప్పుడు కూడా చర్చంతా నీళ్ల గురించి, గట్ల గురించే జరుగుతుంది. నీళ్లు తెల్లబడాలి, గట్ల మీద తోటలు రావాలి, దీపాలు వెలగాలి. అవన్నీ రావాలి, కాదనను. కానీ ఆ నీళ్ల కింద ఏముంది? ఈరోజు మీతో ఆ అడుగు గురించి మాట్లాడతాను.

మన భాషలో దానికి గొప్ప పేరే ఉంది. నదీగర్భం అంటాం. పత్రికల్లో ఈమధ్య ఆ మాట ఆక్రమణల వార్తల్లోనే కనిపిస్తోంది. గర్భం అన్నాక అందులో ప్రాణం పెరగాలి కదా. ఆ ప్రాణం ఎలా పెరుగుతుందో చూద్దాం.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. నగరానికి పడమర తొంభై కిలోమీటర్ల దూరం. అక్కడి నేల నల్లరాతి నేల, పైన ఎర్రటి చిట్టెపురాతి పొర. ఆ రాయి అరిగితే మెత్తటి నల్ల బంకమన్ను వస్తుంది, మన చేవెళ్ల పత్తి చేలల్లో కనిపించే రేగడి లాంటిది. నగరం దగ్గరికి వచ్చేసరికి రాయి మారిపోతుంది. ఇక్కడంతా గ్రానైటు బండలు, వందల కోట్ల ఏళ్ల నాటివి. అవి ఎండకు, వానకు పగిలి పగిలి మొరం అవుతాయి, మొరం నలిగి బరక ఇసుక అవుతుంది. అంటే మూసీ గిన్నెలో రెండు రకాల సరుకు పడుతుంది. పడమటి నుంచి మెత్తటి ఒండ్రు, దగ్గరి బండల నుంచి గరుకు ఇసుక.

ఈ రెంటినీ గాలించే చెయ్యి వాన. దక్కను నది ఏడాది పొడుగునా ఒకే తీరుగా పారదు. వానాకాలం పొంగుతుంది, చలికాలం సన్నబడుతుంది, ఎండాకాలం మడుగులు మిగులుతాయి. ఆ హెచ్చుతగ్గుల్లోనే దాని నైపుణ్యమంతా ఉంది. వరదలో నీళ్ల లోతు పెరిగేకొద్దీ అడుగు మీద ఒత్తిడి, ఈడ్పు పెరుగుతాయి. రాళ్లు దొర్లుతాయి, పాత పూడిక లేచిపోతుంది, మలుపు బయటి వైపు కోసుకుపోయి మడుగు ఏర్పడుతుంది. వరద తగ్గేటప్పుడు ముందు గులకరాళ్లు ఆగుతాయి, తర్వాత ఇసుక మేట వేస్తుంది, చివరికి నీళ్లు నిలిచిన మూలల్లో ఒండ్రు దిగుతుంది. ఒక మడుగు, తర్వాత రాళ్ల మీద గలగలా పారే పలచటి నీళ్లు, మళ్లీ ఇంకో మడుగు. నది తన నేలను ఇలా గదులు గదులుగా కట్టుకుంటుంది.

చూడాలంటే పురానాపూల్ దగ్గరికి వెళ్లండి. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిన వంతెన. దాని స్తంభాలకు వచ్చి తగిలే నీళ్లు ముందువైపు సుడి తిరిగి గుంట తవ్వుతాయి. స్తంభం చాటున వేగం తగ్గి, మోసుకొచ్చిన సరుకు దించేస్తాయి. ఒకే వంతెన కింద పది అడుగుల తేడాతో కోతా, మేటా రెండూ.

ఇప్పుడు ఆ గదుల్లో కాపురం ఉండేవాళ్ల సంగతి. మన వాగుల్లో ఇసుక దొందు అనే చేప ఉంది. పేరులోనే దాని చిరునామా ఉంది. అడుగునే ఉండి, ఇసుక రంగులో కలిసిపోయి, ఎర కోసం కాచుకుంటుంది. కొన్ని చేపలు గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి, అక్కడైతే కొట్టుకుపోవు. ఆల్చిప్పలు ఇసుకలో సగం కూరుకుని, నీళ్లను వడపోసుకుని తింటాయి. ఒక రకం పురుగు ఉంటుంది, ఇసుక రేణువులను తన జిగురుతో అతికించుకుని ఒంటి చుట్టూ గొట్టం లాంటి గూడు కట్టుకుంటుంది. దానికి తగిన రేణువు దొరకకపోతే ఇల్లే లేదు. ఈ పురుగుల్ని చేపలు తింటాయి, చేపల్ని కొంగలు తింటాయి, చేపల మీద, ఇసుక మీద మనుషులూ బతుకుతారు.

వీటన్నిటికీ కావలసింది రేణువుల మధ్య ఖాళీ. ఆ ఖాళీ ఏమిటో మన పల్లెల్లో పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎండిన వాగులో ఇసుక తోడితే నీళ్లు ఊరతాయి, దాన్ని చెలిమె అంటాం. పైన పారే నీళ్లు ఒకటైతే, ఇసుక లోపల మెల్లగా పారే నీళ్లు ఇంకొకటి. ఆ రెండో ఏరు చల్లగా, తేటగా ఉంటుంది. పై నీటి నుంచి ప్రాణవాయువును లోపలికి తీసుకెళుతుంది. గుడ్లు, పిల్లపురుగులు ఆ గాలితోనే బతుకుతాయి. చెలిమె ఊరుతోందంటే నది అడుగు ఊపిరి పీలుస్తోందని అర్థం. మా వీధిలో ఎనభై దాటిన ఒక ఖాలా ఉండేవారు. చిన్నప్పుడు మూసీ ఇసుకలో చేతులతో గుంట తీసి నీళ్లు తాగామని చెప్పేవారు. ఇప్పటి పిల్లలకు అది కట్టుకథలా వినిపిస్తుంది.

మరి ఆ ఇసుక ఏమైంది? ఈ కథ 1908 సెప్టెంబరు 28 నుంచి చెప్పుకోవాలి. ఆ రోజు మూసీ నగరం మీద విరుచుకుపడింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారంటారు. వంతెనలు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీదికి ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారికి మొక్కి, నదికి చీర సారె సమర్పించాడని లాల్‌దర్వాజా వాళ్లు నేటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది ఆయన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. విశ్వేశ్వరయ్య నది ఎగువన ఉన్న చెరువులన్నీ లెక్కగట్టారు. మొత్తం 788 చెరువులు, వాటిలో 221 ఆ వరదకు తెగిపోయాయి. నగరాన్ని కాపాడాలంటే వరదను పైనే ఆపాలన్నారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరంలో రెండు వైపులా రాతి గోడలు లేచాయి.

ఆ నిర్ణయం సరైనదే. మా మొఘల్‌పురా ఇళ్లు నిలబడ్డాయన్నా, మేం తరతరాలుగా గండిపేట నీళ్లు తాగామన్నా ఆ పుణ్యమే. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని సామెత కూడా పుట్టింది. కానీ ప్రతి ఆనకట్ట నీళ్లతో పాటు ఇంకొకటి కూడా ఆపుతుంది. నీళ్లు నిలిచిన చోట ఇసుక దిగిపోతుంది. నీళ్లు పైపుల్లో మా నల్లాకు వచ్చాయి. ఇసుక గండిపేటలో ఉండిపోయింది. తాగి, కడుక్కుని, స్నానం చేసి మేం వదిలింది మోరీ గుండా మూసీకి చేరింది. మంచి నీళ్లు, ఇసుక పైన ఆపుకుని కింద నదికి మురుగు ఇచ్చాం.

నదీశాస్త్రంలో దీనికి ఒక త్రాసు ఉంది. 1955లో ఎమరీ లేన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పింది. ఒక పళ్లెంలో నది మోసే సరుకు, అంటే ఎంత, ఎంత లావు రేణువులు అన్నది. రెండో పళ్లెంలో నీటి పరిమాణం, వాలు. రెండూ తూగితే నది అడుగు నిలకడగా ఉంటుంది. సరుకు తగ్గి నీళ్లు మిగిలితే నది ఆకలితో తన అడుగునే కోసుకుంటుంది. నీళ్లు తగ్గి సరుకు మిగిలితే పూడుకుపోతుంది. ఆనకట్ట గేట్లు ఎత్తిన రోజుల్లో మూసీలో మొదటిది జరుగుతుంది. ఇసుక లేని నీళ్లు దూకి వచ్చి దొరికిన చోటల్లా కోస్తాయి. మిగతా రోజుల్లో రెండోది జరుగుతుంది.

మిగతా రోజులే ఏడాదిలో ఎక్కువ. ఆ రోజుల్లో నగరంలో పారేది చాలావరకు మన మురుగు. దానికి వానాకాలం, ఎండాకాలం లేవు. పొద్దున లేస్తే ఒకే తీరు. అత్తమ్మ వద్దన్నది సరిగ్గా ఇదే, ఒక్క తీరుగ ఊపొద్దని. అడుగును గాలించే చెయ్యి ఆగిపోయింది.

ఇంట్లో చేసి చూడదగ్గ చిన్న ప్రయోగం ఒకటి చెబుతాను. గాజు సీసాలో గుప్పెడు తోట మట్టి వేసి, నీళ్లు పోసి, గట్టిగా ఊపి గూట్లో పెట్టండి. ఇసుక కళ్లముందే దిగిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీళ్లలో మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. అందులో పదో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు మూడున్నర గంటలు పడుతుంది. అందులోనూ పదో వంతు ఉన్న బంకమన్ను రేణువుకు రెండు వారాలు. పరిమాణం పదో వంతయితే దిగే వేగం నూరో వంతవుతుంది. అందుకే పారే నదిలో బంకమన్ను అడుగుకు చేరదు, సాగిపోతుంది. నీళ్లను అడ్డుకట్టలతో నిలబెట్టామా, అది మెత్తగా దిగి పరుచుకుంటుంది. దిగాక ఒకదానికొకటి పట్టుకుంటుంది. విడి ఇసుకను లేపే వడి ఆ బంకను లేపలేదు. ఇసుక సందులన్నీ మూసుకుపోతాయి. చెలిమె ఆగిపోతుంది.

మురుగులో దిగేది ఉత్త మట్టి కాదు, కుళ్లే పదార్థం కూడా. అది కుళ్లుతూ ఉన్న ప్రాణవాయువునంతా వాడేస్తుంది. అది అయిపోయాక గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. మురిగిన కోడిగుడ్డు వాసన వాటి నుంచే వస్తుంది. ఆ వాయువు మట్టిలోని ఇనుముతో కలిసి బురదను నల్లగా మారుస్తుంది. నయాపూల్ మీద మనం ముక్కు మూసుకుంటున్నది ఊపిరాడని నదీగర్భాన్ని చూసి. అక్కడ మిగిలేది ఎర్రటి సన్నపురుగులు. వాటి ఒంట్లో మన నెత్తురులో ఉన్నటువంటి ఎర్ర పదార్థమే ఉంటుంది, కొద్దిపాటి గాలితో బతికేస్తాయి. చేపల్లోనైతే పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను, మార్పు వంటివి తట్టుకుంటాయి. ఇసుక దొందుకు చోటు లేదు. గూడు కట్టే పురుగుకు రేణువు లేదు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. ఇళ్ల కోసం వాగుల ఇసుకను ఎత్తేశాం. అది చాలక రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో పొలం మట్టిని నీళ్లతో కడిగి ఇసుక తీసి అమ్మే వ్యాపారం పుట్టింది. ఫిల్టర్ ఇసుక అంటారు. అదీ గాలింపే. నది ఇసుకను తన దగ్గర ఉంచుకుని ఒండ్రును పొలాలకు పంపేది. ఈ వ్యాపారం ఇసుకను లారీకి ఎక్కించి ఒండ్రును వాగులోకి వదులుతుంది.

మరి బాగు చేయడం ఎలా? ప్రపంచంలో మూడు చోట్ల అనుభవం చెబుతాను.

మొదటిది సియోల్. 2024 అక్టోబరులో తెలంగాణ బృందం అక్కడికి వెళ్లి వచ్చింది. అక్కడి చొంగ్యెచొన్ అనే వాగు మీద రోడ్డు వేసి, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. 2005 నాటికి రెండూ తొలగించి వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. చూడముచ్చటగా ఉంటుంది, ఊరి వేడి తగ్గింది. అయితే అందులో పారే నీటిలో చాలా భాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేదే. కరెంటుతో నడిచే వాగు అది.

రెండోది జర్మనీలో మ్యూనిక్. ఇజార్ నదికి అక్కడ మనలాగే గోడలు కట్టారు, ఎగువన మనలాగే ఆనకట్ట ఉంది. 2000 నుంచి 2011 దాకా నగరంలో ఎనిమిది కిలోమీటర్ల మేర గట్టి ఒడ్డులను తీసేసి, నదికి వెడల్పు ఇచ్చి, గులకరాళ్లు పోశారు. మేటలు ఎక్కడ వేయాలో నదికే వదిలేశారు. ప్రతి వరదకూ అవి చోటు మారతాయి. ఎగువ జలాశయంలో ఆగిన గులకరాళ్లను తీసి ఆనకట్ట కింద మళ్లీ నదికి అందిస్తారు. వరదకు చోటు పెరిగింది కాబట్టి ఊరికి రక్షణా పెరిగింది.

మూడోది అమెరికాలో కొలరాడో నది. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కింద ఇసుక దిబ్బలు కరిగిపోతుంటే 1996లో వారం రోజులు కావాలనే వరద వదిలారు. దిబ్బలు లేచాయి. నెలల్లో చాలావరకు మళ్లీ కరిగాయి. కొత్త ఇసుక రాకుండా నీళ్లు మాత్రం వదిలితే ఉన్నదే అటూ ఇటూ అవుతుందని తెలిసింది. 2004 నుంచి పద్ధతి మార్చారు. పక్క ఉపనది ఇసుక తెచ్చి పోసిన తర్వాతే గేట్లు ఎత్తుతున్నారు.

మన మూసీకి ఈ మూడింటిలో ఏది? నా ఉద్దేశం చెబుతాను. ముందు మురుగు ఆగాలి, అందులో రెండో మాట లేదు. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం ఉంది, అలాంటివి మరికొన్ని పనిచేస్తున్నాయి. అయితే శుద్ధి చేసిన నీళ్లు కూడా ఇసుక లేనివే, ఒక్క తీరుగా పారేవే. వాటితో నది కంపు పోతుంది, నేల తిరిగి రాదు. దానికోసం వానాకాలంలో జంట జలాశయాల నుంచి మట్టసంగా, ముందుగా చెప్పి, కొద్దికొద్ది పొంగులు వదలాలి. ఒకేసారి వరద తెచ్చి పెట్టకుండా, అడుగును కడిగేంత వరకు. జలాశయాల్లోకి వాగులు చేరే చోట పేరుకున్న ఇసుకను పూడిక తీసేటప్పుడు పారేయకుండా ఆనకట్ట కింద నదికి ఇవ్వాలి. పూడిక మట్టిని పొలాలకు తోలడం మన రైతులకు కొత్త కాదు, 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ చేశారు. పొలానికి ఒండ్రు, నదికి ఇసుక. ఎవరి వాటా వారికి.

నగరంలో పేరుకున్న నల్లబురద సంగతి వేరు. అందులో కార్ఖానాల లోహాలు ఉండవచ్చు. పరీక్షించకుండా తవ్వి గట్టు మీద పోస్తే మళ్లీ వానకు నదిలోకే వస్తుంది. తొందరపడి లేపి వదిలేస్తే దిగువన కత్వలు, అంటే చిన్న ఆనకట్టల కింద ఆ నీళ్లతో వరి, గడ్డి పండించే రైతు పొలంలో దిగుతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యం, అడుగుకు కాంక్రీటు పోయవద్దు. చదునైన అడుగు మీద నీళ్లు నిలవవు, రేణువు నిలవదు, గుడ్డు నిలవదు. నాలుగు బండరాళ్లు, రెండు వంకలు, ఒక మడుగు ఉంచితే మిగతా పని నదే చేసుకుంటుంది.

వరదకు చోటు ఉంచాలన్న మాట కూడా ఇందులో భాగమే. 2020 అక్టోబరులో పాతబస్తీ కాలనీలు మునిగాయి, 2025 సెప్టెంబరు చివర మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నది వచ్చింది. చోటు ఇవ్వకపోతే నది అడిగి తీసుకోదు. అలాగే, నది చోటులో ఇళ్లు కట్టుకున్న పేదవాళ్లకు వేరే చోటు చూపించకుండా ఖాళీ చేయించడమూ బాగుచేయడం కిందికి రాదు. చేపకు ఇల్లు వెతికే పనిలో మనిషికి ఇల్లు పోకూడదు.

మా పాతబస్తీలోని హరిబౌలి నుంచి ప్రతి ఆషాఢంలో బోనాల ఘటం ఊరేగింపుగా మూసీకి వెళుతుంది. ఘటం దిగే చోట నీళ్లకు దండం పెడతాం. వచ్చే ఏడాది దండం పెట్టేటప్పుడు ఆ నీళ్ల కింద ఉన్న నేలను కూడా తలుచుకోండి. బాగుపడిందని ఎప్పుడు నమ్ముతారని నన్నడిగితే, గట్టు మీద దీపాలు లెక్కపెట్టను. నయాపూల్ కింద ఎవరో ఒక పిల్ల ఇసుకలో చేత్తో గుంట తీయాలి. అందులో నీళ్లు తేటగా ఊరాలి. అత్తమ్మ గిన్నె వంచినప్పటిలాగా, మూసీ తన రాళ్లను తన దగ్గర ఉంచుకుని, పొట్టును సాగనంపిందని అప్పుడు నమ్ముతాను.